వేల పెళ్లి ఫోటోల పేర్లు ఒకేసారి మార్చాలంటే: ముందు పట్టిక, తర్వాతే స్క్రిప్ట్

నల్లకుంటలోని మా స్టూడియోలో ఫోటోలు తీసే పని మా ఆయనది, ఆయన దగ్గరున్న పిల్లలది. కార్డుల్లోంచి దిగిన ఫైళ్లకు పేర్లు పెట్టి, సర్ది, ఎడిటింగ్‌కి పంపే పని నాది. ఒక పెళ్లికి రెండు మూడు కెమెరాలు తిరుగుతాయి. పెళ్లికూతుర్ని చేసిన దగ్గర్నుంచి రిసెప్షన్ దాకా కలిపితే ఫైళ్లు వేలల్లో తేలతాయి. నికాన్ అయితే డీఎస్సీ, అండర్‌స్కోర్, నాలుగంకెలు. కెనాన్ అయితే ఐఎంజీ, అండర్‌స్కోర్, నాలుగంకెలు. నాలుగంకెలే కాబట్టి 9999 అయ్యాక మళ్లీ 0001కి వస్తుంది. రెండు నికాన్‌లు ఒకే పెళ్లిలో తిరిగితే రెండింట్లోనూ 0457 ఉండటం చాలా మామూలు విషయం.

ఇన్ని పేర్లు చేత్తో మార్చలేం, షెల్ స్క్రిప్ట్ (కమాండ్లను వరుసగా రాసిపెట్టుకున్న ఫైల్) కావాలి. స్క్రిప్ట్ రాయడం కష్టం కాదు. ప్రమాదమంతా లైనక్స్‌లో పేరు మార్చే ఎంవీ అనే కమాండ్‌లో ఉంది. కొత్త పేరుతో అక్కడ ఇంకో ఫైల్ ఇదివరకే ఉంటే ఎంవీ మనల్ని అడగదు, ఆ ఫైల్ మీద దీన్ని పెట్టేస్తుంది. పోయిన ఫైల్ రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు. మాకు తెలిసిన ఒక స్టూడియోలో రెండు కెమెరాల ఫైళ్లకు వేర్వేరు ఫోల్డర్ల నుంచి ఒకే ఫోల్డర్‌లోకి పేరు మారుస్తూ పంపారు. స్క్రిప్ట్ ఒక్క ఎర్రర్ కూడా చూపించకుండా ముగిసింది. తలంబ్రాలప్పుడు రెండో కెమెరా తీసినవి ఉన్నాయి, మొదటి కెమెరావి లేవు. అప్పటికే కార్డులు ఫార్మాట్ చేసి ఇంకో పెళ్లికి పంపేశారు. ఆ ఇంటివాళ్లకు ఏం చెప్పగలరు?

అందుకే నేను ఎవరికి నేర్పినా మొదట చెప్పే మాట ఇది: కొత్త పేరేమిటో తేల్చే పనీ, పేరు మార్చే పనీ ఒకే లూప్‌లో (ఒక్కో ఫైల్‌కూ అదే పనిని మళ్లీ మళ్లీ చేసే భాగంలో) పెట్టకండి. మొదటి స్క్రిప్ట్ ఏ ఫైల్‌నీ ముట్టుకోకూడదు. పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన రాసిన పట్టిక ఒకటి తయారుచేసి ఆగిపోవాలి. ఆ పట్టికను మీరు కళ్లతో చూడాలి, కమాండ్లతో పరీక్షించాలి. తర్వాత రెండో స్క్రిప్ట్ ఆ పట్టికలో ఉన్నది ఉన్నట్టు అమలు చేయాలి. ఎంవీ ముందు ఎకో (కమాండ్‌ను నడపకుండా తెర మీద రాసి చూపించేది) పెట్టి ఏం జరగబోతుందో చూసుకోవడం చాలామందికి అలవాటే. అది మంచిదే, కానీ చాలదు. తెర మీద మూడు వేల వరుసలు పరుగెత్తిపోతుంటే అందులో ఒకే పేరు రెండుసార్లు వచ్చిందని కన్ను పట్టుకోలేదు. పట్టిక ఫైల్‌గా ఉంటే కంప్యూటరే పట్టుకుంటుంది.

పేరు ఎలా ఉండాలి

స్క్రిప్ట్ కంటే ముందు తేలాల్సింది ఇదే. మేం తేదీ, కెమెరా అక్షరం, కెమెరా ఇచ్చిన నంబరు ఈ వరుసలో పెడతాం. ఉదాహరణకు 20250216-ఏ-0457. (మా ఫైళ్లలో ఆ కెమెరా అక్షరం ఇంగ్లీషుదే.) సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో రాస్తే పేర్ల వరుసే తేదీల వరుస అవుతుంది. మన అలవాటు ప్రకారం 16-02-2025 అని రాస్తే నెలలన్నీ కలగాపులగం అవుతాయి. 16/02/2025 అని గీతలతో రాయడం అసలు కుదరదు, ఆ గీత లైనక్స్‌లో ఫోల్డర్లను విడదీసే గుర్తు.

తేదీ వదిలేసి గంటలు, నిమిషాలు మాత్రం పెడితే మన పెళ్లిళ్లలో తప్పకుండా దెబ్బ తింటారు. ఎదురుకోళ్లు రాత్రి ఏడున్నరకి, ముహూర్తం తెల్లవారుజామున 2:10కి అనుకోండి. పేరులో 0210 అని మాత్రమే ఉంటే జీలకర్ర బెల్లం ఎదురుకోళ్ల కంటే ముందు వచ్చేస్తుంది. ముందు తేదీ ఉంటే ఆ గొడవ లేదు. ఫోల్డర్ పేరుకు మాత్రం శుభలేఖలో ఉన్న తేదీ ఉంచండి, ఇంటివాళ్లు వెతికేది దాన్నే.

ఒక్క టైమ్ మీదే ఆధారపడకూడదనడానికి ఇంకో కారణం ఉంది. తలంబ్రాలు పోసేటప్పుడు కెమెరా బరస్ట్‌లో ఉంటుంది, ఒక్క సెకనులో ఎన్నో ఫ్రేములు పడతాయి. సెకను వరకు రాసినా అన్నిటికీ ఒకే పేరు వస్తుంది. అందుకే కెమెరా ఇచ్చిన నంబరును నేను పారేయను. అది ఉంటే ఏ ఫైల్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. ఒకే కెమెరా ఆ ఫంక్షన్‌లోనే 9999 దాటితే తేదీ, అక్షరం, నంబరు మూడూ ఎక్కడో కలిసే అవకాశం ఉంది. కింద చెప్పే పరీక్షలో అది బయటపడుతుంది.

తేదీని ఫైల్ తయారైన టైమ్ నుంచి తీసుకోకండి. టైమ్‌ను కాపాడే ఆప్షన్ లేకుండా కాపీ చేస్తే ఆ టైమ్ ఇవాళ్టిదైపోతుంది. ఫోటో లోపల ఎగ్జిఫ్ అనే సమాచారం ఉంటుంది, అందులో క్లిక్ కొట్టిన టైమ్ ఉంటుంది. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్ దాన్ని చదువుతుంది. బంధువులు వాట్సాప్‌లో పంపిన ఫోటోల్లో మామూలుగా అది ఉండదు కాబట్టి వాటిని వేరే ఫోల్డర్‌లో ఉంచాలి. కెమెరాల గడియారాల్లో తేడాలుంటాయి. అందుకని ఫంక్షన్ హాల్‌లో అడుగుపెట్టగానే ఒకే ఫోన్‌లోని గడియారాన్ని అన్ని కెమెరాలతోనూ ఒక్కో ఫోటో తీయమని మా పిల్లలకు చెప్తాను. ఎంత తేడా ఉందో తర్వాత ఆ ఫోటోల్లోనే తెలిసిపోతుంది.

ఒక షాట్‌కు రా ఫైల్, జేపీజీ రెండూ ఉంటే రెండింటికీ చుక్కకు ముందు భాగం ఒకేలా రావాలి. పక్కన ఎక్స్‌ఎంపీ ఫైల్ (ఎడిటింగ్ మార్పులు రాసి ఉండేది) ఉంటే దానికీ అంతే. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు ఇంపోర్ట్ చేయకముందే ఈ పనంతా ముగించాలి. తర్వాత బయటి నుంచి పేర్లు మారిస్తే ఫైళ్లు దొరకడం లేదని అడుగుతూ కూర్చుంటుంది.

పట్టిక రాసే స్క్రిప్ట్

కమాండ్లను మాటల్లోనే చెప్తున్నాను. చదివి, అర్థం చేసుకుని మీరే టైప్ చేయండి. అర్థం కాకుండా అతికించిన స్క్రిప్ట్‌ను ఫోటోల మీద నడపకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

షెల్ అంటే మనం టైప్ చేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రామ్, ఇక్కడ బాష్. స్క్రిప్ట్‌లో మొదటి పని సీడీ కమాండ్‌తో ఫోటోల ఫోల్డర్‌లోకి వెళ్లడం. దాని పక్కనే రెండు నిలువు గీతలు పెట్టి ఎగ్జిట్ 1 అని రాయాలి. ఫోల్డర్ పేరులో ఒక్క అక్షరం తప్పినా సీడీ విఫలమవుతుంది. ఆ రెండు గీతలు లేకపోతే స్క్రిప్ట్ ఆగకుండా మీరున్న చోటే, అది మీ హోమ్ ఫోల్డర్ కావచ్చు, మిగతా పనంతా చేసుకుపోతుంది.

రెండోది నల్‌గ్లాబ్ అనే సెట్టింగ్. షాప్ట్ కమాండ్‌కు మైనస్ ఎస్ ఇచ్చి దాన్ని ఆన్ చేయాలి. ఇది లేకుండా జేపీజీ ఫైళ్లన్నిటి మీదా ఫర్ లూప్ తిప్పారనుకోండి, అక్కడ ఒక్క జేపీజీ కూడా లేకపోతే స్టార్ గుర్తుతో సహా ఆ నమూనానే ఒక ఫైల్ పేరనుకుని లూప్ ఒకసారి తిరుగుతుంది. కొన్ని కెమెరాలు ఎక్స్‌టెన్షన్‌ను పెద్ద అక్షరాల్లో రాస్తాయి. మీరు చిన్న అక్షరాల్లో వెతికితే జరిగేది ఇదే.

లూప్‌లో నమూనా ముందు చుక్క, గీత (./) పెట్టండి. మైనస్‌తో మొదలయ్యే పేరున్న ఫైల్ వస్తే కమాండ్లు దాన్ని ఆప్షన్ అనుకుంటాయి, ఇది పెడితే అనుకోవు. వేరియబుల్‌ను (ఫైల్ పేరును పట్టుకుని ఉండే మాటను) వాడిన ప్రతిచోటా డబుల్ కోట్స్ తప్పనిసరి. "జీలకర్ర బెల్లం 12" అనే పేరును కోట్స్ లేకుండా ఇస్తే షెల్‌కు అది ఒక ఫైల్ కాదు, మూడు. మన ఫోల్డర్ల పేర్లలో ఖాళీలు లేకుండా ఉండవు కదా. ఎల్ఎస్ కమాండ్ ఇచ్చిన జాబితాను లూప్‌లోకి తీసుకోవడం కూడా ఇదే కారణానికి మానేయాలి.

చివర్లో ప్రింట్‌ఎఫ్‌తో పాత పేరు, ఒక ట్యాబ్, కొత్త పేరు, కొత్త వరుస. ఫలితాన్ని పట్టిక అనే ఫైల్‌లోకి మళ్లించండి. ఆ ఫైల్ ఫోటోల ఫోల్డర్ బయట ఉండాలి.

నంబర్లను మార్చి రాయాలనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. ముందు సున్నా ఉన్న అంకెను బాష్ పదుల లెక్కలో చదవదు, ఎనిమిదుల లెక్కలో చదువుతుంది. 0008, 0009 ఇస్తే ఎర్రర్ వస్తుంది, అది నయమే. 0010 ఇస్తే ఎర్రర్ రాదు, దాన్ని 8 అనుకుంటుంది. 0457కి ఒకటి కలపమంటే 458 రాదు, 304 వస్తుంది. స్క్రిప్ట్ సాఫీగా నడిచిపోతుంది, పేర్లన్నీ తప్పుగా ఉంటాయి. లెక్క చేసే చోట అంకె ముందు 10, దాని పక్కన హ్యాష్ గుర్తు (10#) పెడితే పదుల్లో చదువుతుంది. తర్వాత ప్రింట్‌ఎఫ్‌తో మళ్లీ నాలుగంకెలకు సున్నాలు నింపండి. సున్నాలు నింపకపోతే 1 పక్కన 10, 100 వచ్చి, ఆ తర్వాతెప్పుడో 2 వస్తుంది.

పట్టికను పరీక్షించడం

నేను ఎక్కువ సేపు గడిపేది ఇక్కడే. ముందు లెక్క: డబ్ల్యూసీకి మైనస్ ఎల్ ఇస్తే పట్టికలో ఎన్ని వరుసలో చెప్తుంది. ఫోల్డర్‌లోని ఫైళ్ల సంఖ్యతో అది సరిపోవాలి. ఒక్కటి తగ్గినా ఆపేసి అదేదో వెతకాలి.

తర్వాత కొత్త పేర్లలో రెండుసార్లు వచ్చినవి. కట్ కమాండ్‌కు మైనస్ ఎఫ్2 ఇస్తే రెండో నిలువు వరుస మాత్రమే వస్తుంది. దాన్ని సార్ట్‌లోకి, అక్కడి నుంచి యూనిక్‌లోకి పంపి మైనస్ డీ ఇవ్వండి. ఏమీ రాకపోతే మంచిది. ఒక్క పేరు కనిపించినా అక్కడ ఒక ఫోటో పోబోతోందని అర్థం. పెన్‌డ్రైవ్‌లలో ఉండే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్ చిన్న అక్షరం, పెద్ద అక్షరం వేర్వేరు అనుకోదు. ఫైళ్లు చివరికి అక్కడికి చేరేవైతే సార్ట్‌కి మైనస్ ఎఫ్, యూనిక్‌కి మైనస్ డీఐ ఇచ్చి ఇంకోసారి చూడండి.

ఆ తర్వాత పట్టికను ఎడిటర్‌లో తెరిచి పైన కొంత, మధ్యలో కొంత, చివర కొంత చదవండి. రెండో నిలువు వరుస ఖాళీగా ఉన్నవి, చుక్క పోయినవి, ఎక్స్‌టెన్షన్ రెండుసార్లు పడినవి కళ్లకే దొరుకుతాయి. పక్కన ఇంకొకరుంటే వాళ్లకూ చూపించండి. "అక్కా, ఇది సంగీత్ కెమెరా కాదు, హల్దీ కెమెరా" అని మా దగ్గర పనిచేసే అబ్బాయి పట్టికలోనే పట్టుకున్నాడు. ఇలాంటి తప్పును ఏ కమాండూ పట్టుకోదు.

అమలు: ఎంవీ లేకుండా

లైనక్స్‌లో ఎక్స్‌టీ4 అనే ఫార్మాట్‌లో ఉన్న డిస్క్ మీద పనిచేస్తుంటే నేను ఎంవీ వాడను, ఎల్ఎన్ వాడతాను. ఇది హార్డ్ లింక్ పెడుతుంది, అంటే ఉన్న ఫైల్‌కే రెండో పేరు. ఇంట్లో చిన్నీ అని పిలిచి బళ్లో శ్రీలక్ష్మి అని రాయిస్తాం, మనిషి ఒక్కతే. ఫోటో కూడా ఒక్కటే, డిస్క్‌లో అదనంగా జాగా పట్టదు. అందుకే రెండు వందల జీబీల పెళ్లికి కూడా ఈ పద్ధతి నిమిషాల్లో ముగుస్తుంది.

అదే డిస్క్ మీద కొత్త ఖాళీ ఫోల్డర్ ఒకటి తెరవండి. రెండో స్క్రిప్ట్‌లో వైల్, రీడ్ లూప్‌తో పట్టికను ఒక్కో వరుస చదివి, పాత పేరున్న ఫైల్‌కు కొత్త ఫోల్డర్‌లో కొత్త పేరుతో లింక్ పెట్టండి. రీడ్‌కు మైనస్ ఆర్ ఇవ్వాలి, లేకపోతే వెనక్కి వాలిన గీతలను అది మింగేస్తుంది. ఐఎఫ్ఎస్ అనే వేరియబుల్‌ను ట్యాబ్‌గా పెట్టాలి, అప్పుడే ఖాళీలున్న పేర్లు ముక్కలు కావు. ఎల్ఎన్ ఆ పేరుతో ఇంకో ఫైల్ ఉంటే దాని మీద రాయదు, ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. మైనస్ ఎఫ్ ఇస్తే మాత్రం రాస్తుంది కాబట్టి అది ఇవ్వకండి. పాత ఫోల్డర్‌లో పాత పేర్లు చెక్కుచెదరవు. నచ్చకపోతే కొత్త ఫోల్డర్ తీసేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. 0001ని 0002గా, 0002ని 0003గా జరపాల్సి వచ్చినప్పుడు ఒకదానికొకటి అడ్డొచ్చే ఇబ్బంది కూడా ఉండదు.

ఒక్క జాగ్రత్త: రెండు పేర్లూ ఒకే ఫైల్‌వి కాబట్టి ఒక పేరుతో తెరిచి ఎడిట్ చేసి అదే ఫైల్‌లో సేవ్ చేస్తే రెండో చోట కూడా మారుతుంది. ఇది బ్యాకప్ కాదు. బ్యాకప్ వేరే డిస్క్ మీద ఉండాలి, మేం సికింద్రాబాద్ సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్‌లో కొన్న రెండు పోర్టబుల్ డిస్క్‌ల మీద ఉంచుతాం. ఆ రెండు కాపీలు అయ్యేదాకా కార్డు ఫార్మాట్ చేయడానికి మా దగ్గర ఎవరికీ అనుమతి లేదు.

ఎక్స్‌ఫ్యాట్ మీద హార్డ్ లింక్‌లు ఉండవు. అక్కడ ఎంవీ తప్పదు, కానీ ఎప్పుడూ మైనస్ ఎన్ తోనే. ఆ పేరుతో ఫైల్ ఉంటే వదిలేస్తుంది. కొన్ని వెర్షన్లలో వదిలేసినా అంతా బాగున్నట్టే ముగుస్తుంది కాబట్టి దాన్ని నమ్మి పట్టిక పరీక్షలు మానకూడదు. మైనస్ వీ కూడా ఇస్తే ఏది దేనిగా మారిందో రాస్తుంది, దాన్ని ఒక ఫైల్‌లోకి మళ్లించుకోండి. మధ్యలో కరెంటు పోయిందనుకోండి, కొన్నిటికి కొత్త పేర్లు, కొన్నిటికి పాతవి ఉంటాయి. పట్టిక ఉంది కదా: పాత పేరు ఇంకా ఉండి, కొత్త పేరు లేని వరుసలను మాత్రమే మళ్లీ నడపండి. పూర్తిగా వెనక్కి వెళ్లాలంటే ట్యాక్ కమాండ్‌తో పట్టికను కింది నుంచి పైకి చదివి, రెండు నిలువు వరుసలను తారుమారు చేసి నడపాలి. ఒకే సమయంలో పేరు మార్చడం, వేరే డిస్క్‌కు పంపడం రెండూ ఎంవీతో చేయించకండి. డిస్క్ మారితే అది పేరు మార్పు కాదు, కాపీ చేసి పాతది చెరిపేయడం. కేబుల్ కదిలితే ఏం మిగులుతుందో చెప్పలేం.

రీనేమ్ అనే కమాండ్ వాడొచ్చు కదా అని అడుగుతారు. ఉబుంటులో దొరికే రీనేమ్ వేరు, ఫెడోరాలోది వేరు, రాసే పద్ధతి కూడా వేరు. చిన్న పనులకు బాగుంటుంది, పెళ్లి ఫైళ్లకు నేను వాడను.

తెలుగు పేర్లు పెట్టేటప్పుడు

ఇంటివాళ్లకు ఇచ్చే పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ల పేర్లు తెలుగులోనే ఉండాలని నా కోరిక. అప్పగింతలు అనే ఫోల్డర్‌ను అమ్మమ్మ కూడా చదువుకుని తెరవగలగాలి. కానీ స్క్రిప్ట్ రాసేవాళ్లకు కొన్ని సంగతులు తెలియాలి.

ఎక్స్‌టీ4లో పేరుకు 255 బైట్ల పరిమితి. అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం 3 బైట్లు, అంటే మొత్తం 85 సంకేతాలు. లక్ష్మి అన్న పేరులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి 7 సంకేతాలు, 21 బైట్లు. వధూవరుల పూర్తి పేర్లు, ఊరు, ఫంక్షన్ హాల్ అన్నీ ఒకే పేరులో రాస్తే పరిమితి దాటిపోతుంది. విండోస్ ఎన్టీఎఫ్ఎస్ బైట్లను కాకుండా 16 బిట్ల యూనిట్లను లెక్కపెడుతుంది, 255 దాకా పడతాయి. అక్కడ బాగున్న పేరు ఇక్కడ కాపీ కాకపోవడానికి కారణం అదే.

ఇంకోటి, కంటికి కనపడనిది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వం పక్కన ఐత్వపు పొడవు గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. హైదరాబాద్, చైతన్య, వైశాలి, ఏ పేరైనా తెర మీద రెండు రకాలుగానూ ఒకేలా కనిపిస్తుంది. బైట్లు మాత్రం వేరు. 2017లో ఏపీఎఫ్ఎస్ అనే డిస్క్ ఫార్మాట్ వచ్చేదాకా మ్యాక్‌లు వాడిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను ఇలా విడదీసి దాచేది. పాత మ్యాక్ డిస్క్ నుంచి వచ్చిన "చైతన్య" ఫోల్డర్‌ను మీ స్క్రిప్ట్ వెతికితే దొరకదు, లేదా పక్కపక్కన రెండు "చైతన్య"లు కనిపిస్తాయి. దీనికి కన్వ్ఎంవీ అనే ప్రోగ్రామ్ ఉంది. ఎన్ఎఫ్‌సీ ఆప్షన్ ఇస్తే అన్నిటినీ ఒకే సంకేతపు రూపానికి తెస్తుంది. నోటెస్ట్ అని విడిగా చెప్తే తప్ప అది ఏదీ మార్చదు, ఏం చేయబోతోందో చూపించి ఆగుతుంది. నాకు ఈ ప్రోగ్రామ్ మీద అందుకే గౌరవం.

రిసెప్షన్ లాంటి పొల్లుతో ముగిసే మాట చివర కొన్ని కీబోర్డులు జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనపడని సంకేతాన్ని చేరుస్తాయి. అలాంటప్పుడూ రెండు ఒకేలా కనిపించే పేర్లు వస్తాయి. అనుమానం వస్తే పేరును ఓడీ కమాండ్‌లోకి పంపి బైట్లు చూడండి. ఈ2 80 8సీ అనే మూడు బైట్లు కనిపిస్తే అదే.

"ముహూర్తం 10:42" అని ఫోల్డర్ పేరు పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. ఆ రెండు చుక్కల గుర్తును ఎక్స్‌ఫ్యాట్ ఒప్పుకోదు. పెన్‌డ్రైవ్‌కు పంపే పట్టికలో దాన్ని 10-42గా మార్చండి. ప్రశ్న గుర్తు, స్టార్, డబుల్ కోట్ కూడా అక్కడ కుదరవు.

పని అయ్యాక

పేరు మారినా ఫోటో లోపలి సమాచారం మారదు. దాన్ని రుజువు చేసుకోవచ్చు. మొదలుపెట్టే ముందు పాత ఫోల్డర్ మీద ఎస్‌హెచ్‌ఏ256సమ్ (ప్రతి ఫైల్‌కూ వేలిముద్ర లాంటి కోడ్ రాసే కమాండ్) నడిపి, పేర్లు వదిలేసి మొదటి నిలువు వరుసను మాత్రమే సార్ట్ చేసి ఒక ఫైల్‌లో పెట్టుకోండి. అయ్యాక కొత్త ఫోల్డర్ మీద అలాగే చేసి రెండింటినీ పోల్చే డిఫ్ కమాండ్ నడపండి. తేడా ఏమీ చూపించకపోతే ప్రతి ఫోటో ఉంది, ఏదీ ఇంకోదాని మీద పడలేదు. వేల రా ఫైళ్లకు దీనికి చాలాసేపు పడుతుంది, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది.

ఆ డిఫ్ చూశాకే పాత ఫోల్డర్ తీసేయండి. పట్టికను మాత్రం తీసేయకండి. కొత్త ఫోల్డర్‌లోనే తేదీ పెట్టి దాచండి. ఆర్నెల్ల తర్వాత ఆల్బమ్ వాళ్లు "డీఎస్సీ 0457 పెద్ద సైజులో పంపండి మేడమ్" అని పాత పేరుతోనే ఫోన్ చేస్తారు. గ్రెప్ కమాండ్‌కు 0457 అని, పక్కన ఆ పట్టిక ఫైల్ పేరు ఇస్తే కొత్త పేరు వెంటనే దొరుకుతుంది. రెండు వరుసలు కనిపిస్తే మాత్రం పంపే ముందు ఏ కెమెరాదో అడగండి.